నడక వేగంలో బయటపడే జబ్బులు: పాత ట్విన్‌షాక్ ట్రయల్స్ బళ్ళ మీద ప్రసంగం

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది ఉన్నదున్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ఇంజన్ల పక్కన నిలబడి మాట్లాడీ మాట్లాడీ నా గొంతు పెద్దదే అయింది, అయినా అడగడం మర్యాద కదా.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. 50 ఏళ్ళ నాటి ట్రయల్స్ బండి ఒకటి మీ చేతికొచ్చిందనుకోండి. ఫ్రేముకి తుప్పు, ట్యాంకు మీద రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది, కిక్కు రాడ్డు బిగుసుకుపోయి కిందకి దిగనంటోంది. మొదట ఏం చేస్తారు? చెప్పండి, పర్వాలేదు. ఎవరో రంగు అన్నారు. ఇంకెవరో క్రోమింగ్ అన్నారు. అవునండీ, ఎవర్నడిగినా ఇదే జవాబు. ఇవాళ నేను చెప్పబోయేదంతా దానికి అడ్డం. రంగు చివర. అన్నిటికన్నా చివర. ఎందుకంటారా? అది తెలియాలంటే ఈ బండి అసలు ఏ పనికి పుట్టిందో ముందు చూడాలి.

ట్రయల్స్ రేసు కాదు. మొత్తం మీద ఒక గడువు ఉంటుంది గానీ, ఎవరు ముందొచ్చారన్నది లెక్కలోకి రాదు. దారి పొడవునా సెక్షన్లుంటాయి. రాళ్ళు, వాగు, బురద, తడిసిన చెట్టువేళ్ళు, నిట్టనిలువు గట్టు. గుర్తుల మధ్య నుంచి, కాలు కింద పెట్టకుండా దాటాలి. అబ్జర్వర్ పక్కన నిలబడి లెక్క రాస్తాడు. కాలు ఒకసారి ఆనితే 1, రెండుసార్లు ఆనితే 2, మూడుసార్లు గానీ ఆపైన ఎన్నిసార్లు గానీ ఆనితే 3. పడినా, గుర్తుల బయటికి పోయినా 5. పాత బళ్ళ పోటీల్లో చాలాచోట్ల ముందుకు కదలకుండా ఆగినా 5. ఎవరికి తక్కువొస్తే వాళ్ళు గెలిచినట్టు. 1961లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌ని గోర్డన్ జాక్సన్ ఏజేఎస్ అనే బ్రిటిష్ బండి మీద గెలిచాడు. ఆరు రోజులూ కలిపి ఆయనకి పోయింది ఒక్క మార్కు. ఒక్కటే! ఆరు రోజులు కొండల్లో, రాళ్ళలో తిరిగి ఒక్కసారి కాలు ఆనించాడు. ఇప్పటికీ ఆ ఫొటో జనం వెతుక్కుని మరీ చూస్తారు.

ఇక ట్విన్‌షాక్ అంటే? వెనక చక్రానికి అటొకటి ఇటొకటి షాక్ అబ్జార్బర్లు, గాలికి చల్లబడే ఇంజను, రెండు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. క్లబ్బుని బట్టి నిబంధనలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ స్థూలంగా ఇంతే. కాలం చూస్తే 1960ల మధ్య నుంచి 1980ల మధ్య దాకా.

1964 దాకా ఈ ఆటలో రాజ్యం బ్రిటిష్ ఫోర్‌స్ట్రోక్ బళ్ళది. శామీ మిల్లర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆయన దగ్గర 500 సీసీ ఏరియల్ ఉండేది, జీఓవీ 132 నంబరుది. దాన్ని గీకి, కోసి, ప్రతి భాగంలోనూ బరువు తగ్గించి దాని మీద గెలుస్తూ పోయాడు. అటువైపు స్పెయిన్‌లో ఫ్రాన్సెస్క్ బుల్టో. మోంటెసా కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడు. రేసింగ్ మానేద్దామన్న అక్కడి నిర్ణయం నచ్చక బయటికొచ్చి 1958లో బుల్టాకో పెట్టాడు. 1964 చివర్లో ఆయన మిల్లర్‌ని పిలిపించాడు. ఇద్దరూ కూర్చుని, నిజానికి మిల్లర్ బండి మీద నిలబడే ఉన్నాడు లెండి, 12 రోజుల్లో కొత్త ట్రయల్స్ బండికి రూపం తెచ్చారని చెబుతారు. అదే షెర్పా టీ. 244 సీసీ టూస్ట్రోక్. మరుసటి ఏడాది, 1965లో, మిల్లర్ దాని మీదే స్కాటిష్ గెలిచాడు. అక్కణ్ణుంచి పెద్ద ఫోర్‌స్ట్రోకుల రోజులు దగ్గరపడ్డాయి.

తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. మోంటెసా నుంచి కోటా అనే బండి వచ్చింది. మరో స్పెయిన్ కంపెనీ ఓస్సా బండి మీద మిక్ ఆండ్రూస్ 1970, 71, 72లో వరసగా మూడు స్కాటిష్‌లు గెలిచాడు. ఆ బండికి ఆయన పేరే పెట్టారు, ఎంఏఆర్ అని, అంటే మిక్ ఆండ్రూస్ రెప్లికా. జపాన్ వాళ్ళు ఊరుకుంటారా? యమహా టీవై, హోండా టీఎల్, సుజుకి ఆర్‌ఎల్, కవాసాకి కేటీ, నాలుగూ దిగాయి. 1975లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైంది. తొలి విజేత మార్టిన్ లాంప్‌కిన్, తర్వాత మూడేళ్ళు ఫిన్లాండ్ మనిషి వెస్టెరినెన్, 1979లో అమెరికా నుంచి బెర్నీ ష్రైబర్. ముగ్గురూ బుల్టాకో మీదే. 1982 నుంచి 84 దాకా బెల్జియం కుర్రాడు ఎడ్డీ లెజూన్ ఫోర్‌స్ట్రోక్ హోండా మీద మూడుసార్లు గెలిచాడు. ట్విన్‌షాక్ బళ్ళకి దక్కిన ఆఖరి టైటిళ్ళలో అవీ ఉన్నాయి. అప్పటికే యమహా సింగిల్ షాక్ టీవై వచ్చేసింది, కాలం మారిపోయింది.

ఇదంతా ఎందుకు చెప్పాను? ఆ 12 రోజుల్లో మిల్లర్ ఏం వెతికాడో గమనించండి. ఎక్కువ వేగం వెతకలేదు. ఎక్కువ హార్స్‌పవర్ వెతకలేదు. ఇంజను దాదాపు ఆగిపోయే రేజ్‌లో కూడా తెగిపోకుండా లాగాలి. మనిషి నడిచే వేగంలో హ్యాండిల్ చెప్పినమాట వినాలి. ఈ రెండూ ఉంటే ట్రయల్స్ బండి, లేకపోతే కాదు. అంటే ఈ బండి జీవితమంతా యాక్సిలరేటర్ మొదటి ఎనిమిదో వంతులోనే గడుస్తుంది. రోడ్డు బండిలో ఆ కొస మనకి పట్టదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తప్ప. ఇక్కడ అదే సర్వస్వం.

అందుకని నా పద్ధతి ఇది. విప్పిన ప్రతి భాగాన్నీ పట్టుకుని ఒకటే ప్రశ్న వేసుకుంటాను. నడక వేగంలో, కాలు కింద పెట్టకుండా, ఇది నాకు అడ్డం వస్తుందా? వస్తే ముందు దాని సంగతి చూస్తాను. రాకపోతే అది వరసలో వెనక నిలబడుతుంది. రంగు ఎప్పుడూ ఎవరికీ అడ్డం రాలేదు. అందుకే చివర.

సరే, ఇంజను. టూస్ట్రోకులే ఎక్కువ కాబట్టి వాటి గురించే ఎక్కువ చెబుతాను, హోండా వాళ్ళు కోపగించుకోకండి. టూస్ట్రోక్‌లో క్రాంక్‌కేసు పంపుగా పని చేస్తుంది. పిస్టన్ పైకి వెళ్తే కార్బ్యురేటర్ నుంచి పెట్రోలు, గాలి కిందకి పీల్చుకుంటుంది. కిందకొస్తే అదే మిశ్రమాన్ని నొక్కి పై గదిలోకి తోస్తుంది. మరి ఆ పంపుకి ఎక్కడైనా కంత ఉంటే? క్రాంకుకి, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకి, రెండు కొసలా రబ్బరు సీల్స్ ఉంటాయి. ఏళ్ళ తరబడి కదలకుండా పడున్న బండిలో అవి గట్టిపడిపోతాయి. మాగ్నెట్, అంటే క్రాంకు కొసన తిరిగే అయస్కాంతపు చక్రం, ఆ వైపు సీల్ పోయిందనుకోండి, బయటి గాలి లోపలికొస్తుంది, మిశ్రమం పలచబడుతుంది, యాక్సిలరేటర్ వదిలేసినా రేజ్ వెంటనే దిగదు. రోడ్డు మీద దాన్ని మీరు గమనించను కూడా గమనించరు. రాళ్ళ మధ్య మలుపు తిరుగుతూ వదిలారు, బండి మాత్రం ముందుకు తోస్తూనే ఉంది, ఇంకేముంది? కాలు కింద. 1 మార్కు ఆ సీల్ ఖాతాలో. అంతేనా, పలచటి మిశ్రమంతో గట్టిగా లాగిస్తే పిస్టన్ కూడా పట్టేస్తుంది.

క్లచ్ వైపు సీల్ పోతే లక్షణం వేరు. ఆ వైపు కేసులోని ఆయిల్‌ని ఇంజను తాగేస్తుంది. తెల్లటి పొగ, ప్లగ్గు తడి, కేసులో ఆయిల్ మట్టం తగ్గిపోవడం. చాలామంది పిస్టన్ రింగులు పోయాయనుకుని బోరు చేయిస్తారు. డబ్బు పోయి, పొగ పొగలాగే ఉంటుంది.

మరి విప్పకుండా తెలుసుకోవడం ఎలా? సైలెన్సర్ వైపు రంధ్రం, కార్బ్యురేటర్ వైపు రంధ్రం రబ్బరు బిరడాలతో మూసేయండి. మీటరున్న చిన్న చేతిపంపుతో 6 పీఎస్‌ఐ గాలి ఎక్కించండి. ఎక్కువొద్దు, మంచి సీల్‌ని కూడా మీరే తన్నేసినట్టవుతుంది. నిమిషానికి 1 పీఎస్‌ఐ కన్నా ఎక్కువ పడిపోతుంటే కంత ఉన్నట్టే. సబ్బునీళ్ళు రాయండి, బుడగ ఎక్కడొస్తే అక్కడ. సీల్స్ దగ్గరే కాదు, సిలిండరు అడుగు గ్యాస్కెట్ దగ్గర, కార్బ్యురేటర్ రబ్బరు దగ్గర, ఒక్కోసారి కేసులోనే సన్నటి రంధ్రం దగ్గర. ఈ పరీక్ష చెయ్యకుండా కార్బ్యురేటర్ ట్యూనింగ్‌కి కూర్చోకండి. దయచేసి కూర్చోకండి. కంత ఉన్న ఇంజనుకి ఏ జెట్, అంటే పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రపు ముక్క, వేసినా సరిపోదు, మీరు జెట్లు మారుస్తూనే ఉంటారు.

కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు చూసేటప్పుడు పక్కకి కాస్త కదలిక ఉంటే భయపడకండి, అది ఉండాలి. పైకీ కిందకీ కదలిక మాత్రం అస్సలు ఉండకూడదు. ఉంటే క్రాంకు విప్పి ప్రెస్సులో కొత్త రాడ్డు వేయించాలి. అది ఇంట్లో సుత్తితో అయ్యే పని కాదు, చేసేవాళ్ళ దగ్గరికి పంపండి. సుత్తి అంటే గుర్తొచ్చింది, మాగ్నెట్ తీయడానికి దాని పుల్లర్ వాడండి. కొట్టి తీస్తే క్రాంకు వంకరపోతుంది. జపాన్ బళ్ళ ప్లస్ స్క్రూలకి జపాన్ కొలత స్క్రూడ్రైవరే పెట్టండి. మామూలు ప్లస్‌ది కుదురుగా కూర్చోదు, తల అరిగిపోతుంది, తర్వాత డ్రిల్లు వేసుకోవాల్సిందే.

ఇగ్నిషన్, అంటే ప్లగ్గుకి నిప్పురవ్వ పంపేది. పాత వాటిలో మాగ్నెట్ వెనక పాయింట్లు, కండెన్సర్. కండెన్సర్ చల్లగా ఉన్నప్పుడు మంచివాడే, వేడెక్కాక ముఖం చాటేస్తాడు. తెల్లారి ఒక్క కిక్కుకే లేచిన బండి మూడో సెక్షన్ తర్వాత మొరాయిస్తే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఓస్సాలకీ, తర్వాతి కొన్ని బుల్టాకోలకీ మోటోప్లాట్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. బాగున్నంతకాలం భేషుగ్గా ఉంటుంది. కానీ దాని గుట్టంతా రెసిన్‌లో పోతపోసి పెట్టారు, పోతే విప్పి బాగుచేసే దారి దాదాపు లేదు. కొత్తగా తయారైన ఇగ్నిషన్ సెట్లు దొరుకుతున్నాయి, వేసుకోండి, తప్పేం లేదు. ఒక్కటే జాగ్రత్త. కొత్త సెట్టుతో తేలిక మాగ్నెట్ వస్తే మాత్రం ఆలోచించండి. ట్రయల్స్ ఇంజనుకి బరువైన చక్రం కావాలి. ఆ బరువే ఇంజన్ని తక్కువ రేజ్‌లో తిప్పుతూ ఉంచుతుంది, టైరు జారకుండా చూస్తుంది. తేలిక చక్రం వేస్తే చురుగ్గా లేస్తుంది, చటుక్కున ఆగిపోతుంది కూడా.

కార్బ్యురేటర్‌కి వద్దాం. ఇందాక ఎనిమిదో వంతు అన్నాను కదా. ఆ ఎనిమిదో వంతుని ఏలేది పైలట్ జెట్టూ, యాక్సిలరేటర్‌తో పాటు లేచే స్లైడు అడుగున కోతా. సూది పావు వంతు దాటాక వస్తుంది, మెయిన్ జెట్ ఎక్కడో చివర. మరి మనవాళ్ళు ముందు దేన్ని మారుస్తారు? మెయిన్ జెట్! ఎందుకంటే అది తేలిగ్గా చేతికందుతుంది. స్పెయిన్ బళ్ళలో ఎక్కువగా వచ్చిన ఆమాల్ కార్బ్యురేటర్లలో స్లైడు అరిగిపోతుంది. అరిగిన స్లైడు పక్క నుంచి గాలి దూరుతుంది, ఐడ్లింగ్ నిలవదు. అప్పుడు స్లైడు మార్చాలి, లేదా మికునీ లాంటి వేరే కార్బ్యురేటర్ వేసుకోవాలి. చాలామంది అదే చేస్తున్నారు, నేను కూడా వద్దనను. పాతది మాత్రం పారేయకండి, నూనె రాసి డబ్బాలో పెట్టుకోండి.

ట్యాంకు దగ్గర ఒక నిమిషం ఆగాలి, ఇది కొత్తవాళ్ళకి తెలియదు. బుల్టాకో, ఓస్సా, మోంటెసా, వీటిలో చాలావాటికి ఫైబర్‌గ్లాస్ ట్యాంకులు. చూడ్డానికి ఎంత అందమో. అవి చేసిన రోజుల్లో పెట్రోల్లో ఇథనాల్ లేదు. ఇప్పుడు ఉంది. ఇథనాల్ ఆ పాత రెసిన్‌ని మెత్తబరుస్తుంది. గోడలు ఉబ్బుతాయి, లోపలి నుంచి జిగురు కరిగి కార్బ్యురేటర్లోకి దిగుతుంది. పైలట్ జెట్ రంధ్రం ఎంతుంటుంది, ఆ జిగురు చుక్క ఎంత? ఆ జిగురు ఇంజనులోకే వెళ్తే ఇంకా ప్రమాదం, పిస్టన్ని అతికించేస్తుంది. ఇథనాల్ తట్టుకునే ఎపాక్సీ పూత లోపల వేయొచ్చు, కానీ లోపల పొడిగా, శుభ్రంగా లేకపోతే ఆ పూతే తర్వాత పొరలు పొరలుగా ఊడుతుంది. అల్యూమినియం ట్యాంకు దొరికితే దాంతో తిరగండి, ఫైబర్ ట్యాంకు గోడకి పెట్టుకుని చూసుకోండి. బ్రిటన్‌లో రోడ్డు బళ్ళకి ఫైబర్‌గ్లాస్ ట్యాంకులు ఆ రోజుల్లోనే నిషేధించారు, అందుకే అక్కడికెళ్ళిన బళ్ళకి లోహపు ట్యాంకులు కనిపిస్తాయి.

ఆయిల్ ఎంత కలపాలని ఎవరో ఇందాక బయట అడిగారు. పాత పుస్తకాల్లో 20:1 అని ఉంటుంది. అది ఆనాటి నూనెలకి. ఇప్పటి మంచి టూస్ట్రోక్ ఆయిలుకి 50:1 చాలు. 20:1 కలిపితే ప్లగ్గు మసిబారుతుంది, సైలెన్సర్ పూడుకుపోతుంది.

క్లచ్ గురించి రెండు మాటలు. లివర్ నొక్కితే పూర్తిగా వదలాలి. సగం వదిలి సగం పట్టుకున్నదనుకోండి, సెక్షన్ మధ్యలో న్యూట్రల్ దొరకదు, బండి పాకుతూనే ఉంటుంది. ప్లేట్లు అతుక్కుపోయి ఉంటాయి, బాస్కెట్ పళ్ళ మీద ప్లేట్లు గాట్లు పెట్టి ఉంటాయి. గాట్లు ఆకురాయితో సాపు చెయ్యండి, స్ప్రింగులన్నీ ఒకే ఎత్తున బిగించండి, కొత్త కేబుల్ వేయండి. కొత్త కేబుల్! ఎంత ఖరీదుంటుంది చెప్పండి? దానికి పిసినారితనం చేసి వేళ్ళు నొప్పి పుట్టించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇంజను అయింది. కింద భాగం చూద్దాం, నా లెక్కలో సగం మార్కులు ఇక్కడే పోతాయి. వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ పట్టుకుని పక్కకి ఊపండి. కదిలిందా? బుష్‌లు పోయాయి. అప్పుడు ఏమవుతుందంటే, ముందు చక్రం ఒక రాయి వైపు వెళ్తుంది, వెనకది తన ఇష్టం. హ్యాండిల్ బేరింగులు చూడండి. హ్యాండిల్ మెల్లగా తిప్పుతుంటే సరిగ్గా మధ్యలో ఒక చిన్న గుంట తగిలినట్టుంటుంది. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని గోళీలు అక్కడ పళ్ళెం మీద గుంటలు చేసుకున్నాయన్నమాట. ఆ గుంట ఉన్నంతకాలం మీరు నేరుగా పోవాలనుకోకపోయినా బండి నేరుగానే పోతానంటుంది. టేపర్ రోలర్ బేరింగులు వేసి చూడండి, బండి మారిపోతుంది.

షాక్ అబ్జార్బర్లు కొనేటప్పుడు పొడవు, స్ప్రింగు బిగువు, రెండూ మీ బరువుకి చూసుకోవాలి. బండి మీద నిలబడితే మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు కిందకి దిగాలి. దిగకపోతే బిగుతెక్కువ, టైరు నేలని పట్టదు, రాయి రాయికీ ఎగురుతుంది. కొందరు పొడవైనవి వేస్తారు, ఎత్తుగా బాగుందని. వెనక లేస్తే ముందు హ్యాండిల్ కోణం నిటారవుతుంది. కాస్తయితే మలుపులు త్వరగా తిరుగుతుంది. ఎక్కువైతే దిగుడులో ముందు చక్రం మీ కిందకి మడతపడుతుంది. అటు నుంచి దిగడం మీరే, హ్యాండిల్ మీదుగా.

డ్రమ్ము బ్రేకుల్ని అందరూ తిడతారు. ఆ తిట్లలో సగం వాటికి చెందవు. కొత్త షూలు తెచ్చి బిగించేస్తారు. ఆ షూ వంపూ, అరిగిన డ్రమ్ము వంపూ ఒకటి కాదు, కొసలు మాత్రమే తగులుతాయి. షూలని హబ్‌కి సరిపడేలా లేతు మీద తిప్పించండి. గట్టిగా పట్టేటప్పుడు డ్రమ్ము మీది లివరుకీ, కేబుల్‌కీ మధ్య దాదాపు లంబకోణం ఉండేలా అమర్చండి. ఈ రెండూ చేసి చూసి, అప్పుడు తిట్టండి. పాత షూల దుమ్ముని గాలితో ఊదకండి, అందులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది. తడిగుడ్డతో తుడవండి. వాగు దాటాక బ్రేకుని కాస్త పట్టి ఉంచి నడపండి, షూలు ఆరతాయి.

చక్రాలు ముందు 21 అంగుళాలు, వెనక 18. స్పోకులు విప్పే ముందు రిమ్ము హబ్బుకి ఎంత పక్కగా ఉందో కొలిచి రాసుకోండి, ఫొటో తీసుకోండి. టైర్లలో గాలి ఎంతో తెలుసా? ముందు 6, వెనక 5 పీఎస్‌ఐ, కాస్త అటూ ఇటూ. మొదటిసారి విన్నవాళ్ళు పంక్చరేమో అనుకుంటారు. ఆ మెత్తటి టైరే రాయిని చుట్టి పట్టుకుంటుంది. అంత తక్కువ గాలితో రిమ్ము మీద టైరు తిరిగిపోకుండా లోపల రిమ్ లాక్ ఉంటుంది, దాన్ని బిగించడం మరవకండి. లేకపోతే ట్యూబు మొలక తెగి ఊడొస్తుంది.

ఇప్పుడు, ఇప్పుడు రంగు. ఫ్రేము నగ్నంగా ఉన్నప్పుడే, రంగు వేయకముందే, హ్యాండిల్ మెడ కిందా, ఫుట్‌రెస్టులు అతికించిన చోటా భూతద్దం పెట్టి చూడండి. పగుళ్ళు అక్కడే వస్తాయి. పౌడర్ కోటింగ్ మందంగా ఉంటుంది, పగులుని కప్పేస్తుంది, ఏడాది తర్వాత అది రెండు ముక్కలై చెబుతుంది. నాకు మామూలు స్ప్రే రంగే ఇష్టం. రాయి తగిలి ఊడితే బ్రష్షుతో నేనే దిద్దుకుంటాను. ట్రయల్స్ బండికి రాయి తగలకుండా ఉంటుందా? ఇంజను కవర్లకి ఆసిడ్ క్లీనర్లు పుయ్యకండి, కొన్ని బళ్ళలో అవి మెగ్నీషియంవి, నురగలు కక్కుతూ కరిగిపోతాయి.

ఇక్కడ ఒక పాత తగువుంది. బండిని కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచాలా, బాగా నడిచేలా మార్చుకోవచ్చా? పోటీ నిర్వాహకులు దీనికి రకరకాల తరగతులు పెట్టి తలలు పట్టుకుంటున్నారు. నా మాట వినండి. విప్పి మళ్ళీ పాతది బిగించగలిగే మార్పు ఏదైనా సరే. కార్బ్యురేటర్, ఇగ్నిషన్, షాకులు, హ్యాండిల్, అన్నీ సరే. ఫ్రేముని రంపంతో కోసి కోణం మార్చడం మాత్రం నాకు గిట్టదు. ఫుట్‌రెస్టులు కాస్త వెనక్కి, కిందకి జరపడం మధ్యలో ఉంది. దానివల్ల నిలబడటం నిజంగా తేలికవుతుంది, పాత బ్రాకెట్ కొయ్యకుండా చేస్తే నేను కళ్ళు మూసుకుంటాను. అన్నట్టు, మిల్లర్ తన ఏరియల్‌కి ఏం చేశాడో ఇందాకే చెప్పుకున్నాం. ఆయన్ని అసలుతనం కోసం అడిగితే నవ్వుతాడు.

ఇక నడపడం. మీలో కొందరు ఇప్పటి ట్రయల్స్ వీడియోలు చూసి వచ్చారని తెలుసు. ఒక రాయి మీద నిలబడి, చక్రం గాల్లో ఎగరేసి, పక్కకి దూకి, ఆగి, మళ్ళీ దూకి. ఆ బండి 70 కిలోల దగ్గర, హైడ్రాలిక్ క్లచ్చు, డిస్క్ బ్రేకులు. షెర్పా 90 దాటుతుంది, క్లచ్చు కేబుల్‌ది, బ్రేకు గురించి చెప్పాను కదా. దాన్ని దూకించబోతే మీ నడుము ముందు లొంగుతుంది, అది లొంగదు. ట్విన్‌షాక్‌ని ప్రవహించనివ్వాలి. నెత్తిన నిండు బిందె పెట్టుకుని గట్టు దిగే మనిషిని చూడండి. కాళ్ళూ నడుమూ ఎంతైనా కదులుతాయి, బిందె మాత్రం తొణకదు. బండి కింద ఊగనివ్వండి, మీ తల బిందె.

సెక్షన్‌లోకి వెళ్ళే ముందు నడిచి చూడండి. అబ్జర్వర్‌కి నమస్కారం పెట్టి, చివరి దాకా నడవండి, వెనక్కి తిరిగి చూడండి. కింద నుంచి కనపడని రాయి పైనుంచి కనపడుతుంది. ముందు చక్రం ఎక్కడ వెళ్ళాలో అందరూ చూస్తారు, వెనక చక్రం ఎక్కడ వెళ్తుందో చూడండి. అది లోపలి వైపు కోసుకుంటూ వస్తుంది. నడిపేటప్పుడు చూపు చక్రం మీద పెట్టకండి, మూడు నాలుగు మీటర్ల ముందుండాలి. ఏ రాయిని చూస్తే ఆ రాయికే గుద్దుతారు, ఇది మీకందరికీ అనుభవమే.

మలుపులో బండిని వంచండి, మీరు వంగకండి. బరువు బయటి వైపు ఫుట్‌రెస్టు మీద పెట్టండి. ఎడమకి తిరుగుతుంటే కుడి కాలు మీద నిలబడ్డట్టు. మొదట్లో ఇది తలకిందులుగా అనిపిస్తుంది, కానీ అలా చేస్తేనే టైరు నేలని నొక్కుతుంది. మోకాళ్ళు వదులు, మోచేతులు వదులు, హ్యాండిల్ వేలాడే కొమ్మ కాదు, పట్టుకుని లాగకండి. తడి వేళ్ళు అడ్డం వస్తే వాటికి నిలువుగా వెళ్ళండి, చక్రం వేరు మీదున్న క్షణంలో యాక్సిలరేటర్ ముట్టుకోకండి. జారుడు చోట మొదటి గేరు కన్నా రెండో గేరు మంచిది, ఇంజను మెల్లగా తిరుగుతుంది, టైరు గింగిరాలు కొట్టదు. ఎక్కుడు ముందు ఊపు తెచ్చుకోండి, సగం ఎక్కాక కాదు. పైకి చేరే క్షణంలో యాక్సిలరేటర్ మూసేయండి, బండి తనే పైకి ఒరుగుతుంది. క్లచ్ తక్కువ వాడండి. ఇంజను తనంతట తాను లాగగలిగితే క్లచ్చుతో పనేముంది? లాగలేకపోతున్నదంటే మళ్ళీ ఇంజను దగ్గరికి వెళ్ళాలి. పైలట్ జెట్, సీల్స్, టైమింగ్. సెక్షన్లో పోయిన ప్రతి మార్కునీ బండి దగ్గరికి తీసుకెళ్ళి అడగండి, ఇది నాదా, నీదా అని. చాలాసార్లు బండిదే. కొన్నిసార్లు మనదే, దాన్ని కూడా ఒప్పుకోవాలి.

ఏ బండితో మొదలుపెట్టాలని చాలామంది అడుగుతారు. యమహా టీవై175 తేలిక, గట్టిది, నేర్చుకునేవాళ్ళని క్షమిస్తుంది. ఫోర్‌స్ట్రోక్ కావాలంటే హోండా టీఎల్‌ఆర్200 చాలా సాధువు. ఇటలీ వాళ్ళ ఫాంటిక్ 200 కూడా మంచిది. బుల్టాకో మీద మోజుంటే తీసుకోండి, కొత్తగా తయారుచేసిన విడిభాగాలు బాగానే దొరుకుతాయి. పాత బుల్టాకోలకీ, మరి కొన్నింటికీ గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. కంగారులో కాలు పాత అలవాటే వెతుక్కుంటుంది, కాబట్టి సెక్షన్లకి వెళ్ళే ముందు ఖాళీ నేల మీద బాగా తిప్పండి. ఎక్కువ సీసీ కోసం ఆరాటపడకండి. 326 సీసీ షెర్పా ఉత్సాహంగా లాగుతుంది, కిక్కు కూడా అంతే ఉత్సాహంగా కాలిని వెనక్కి తంతుంది. గట్టి బూట్లు లేకుండా కిక్కు కొట్టకండి.

రోజు అయ్యాక ఏం చెయ్యాలన్నది ఆఖరి మాట. ట్యాపు మూసి, కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు అయిపోయేదాకా ఇంజను తిరగనివ్వండి. ఫైబర్ ట్యాంకయితే ఖాళీ చేసేయండి. హబ్బుల మీదకి ప్రెషర్ పంపు పెట్టకండి, నీళ్ళు లోపలికెళ్తే బయటికి రావు. చైను తుడిచి నూనె పట్టండి.

ప్రశ్నలుంటే అడగండి. అటు పక్క బల్ల మీద విప్పిన టీవై ఇంజను, గాలి పరీక్ష పంపూ పెట్టాం. ఇద్దరిద్దరు చొప్పున వచ్చి మీరే 6 పీఎస్‌ఐ ఎక్కించి చూడండి. దానికి కావాలనే ఒక చోట కంత ఉంచాం, ఎక్కడో చెప్పను, సబ్బునీళ్ళు ఆ సీసాలో ఉన్నాయి.